వయసు మళ్ళిన గొంతు, కొత్త ఆల్బమ్

పేరుమోసిన రాక్ గాయకులు ఎవరైనా అరవై దాటాక కొత్త ఆల్బమ్ తెస్తే సమీక్షల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: ఫలానా ఆల్బమ్ తర్వాత ఇంత బాగా చేసింది ఇదేనని. రోలింగ్ స్టోన్స్‌కైతే ఆ ఫలానా 1978 నాటి 'సమ్ గర్ల్స్'. డేవిడ్ బోవీకి 1980 నాటి 'స్కేరీ మాన్‌స్టర్స్'. బాబ్ డిలన్‌కి 1975 నాటి 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్'. దేని పక్కన దేన్ని నిలబెట్టాలో వినకముందే తేలిపోయి ఉంటుంది. అభిమానులమూ తక్కువ తినలేదు. కొత్త పాట ముప్ఫయ్యేళ్ళ కిందటి పాటతో సరితూగుతుందా లేదా అని చూసి, తూగలేదని పెదవి విరిచి, మళ్ళీ ఆ పాత రికార్డే పెట్టుకుంటాం.

ఈ కొలబద్ద తప్పని నా గట్టి నమ్మకం. ఇరవై అయిదేళ్ళ గొంతు చేసిన పని అరవై అయిదేళ్ళ గొంతు చేయలేదు. చేయబోతే వినేవాళ్ళకు ఆయాసమే వినిపిస్తుంది. చూడాల్సింది వేరే ఉంది. ఇవాళ తనకున్న గొంతుకు, ఇవాళ తన మనసులో మెదులుతున్న విషయాలకు తగ్గట్టుగా ఆ మనిషి పాట కట్టుకున్నాడా లేదా? ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని, గత నలభై ఏళ్ళలో రాక్, పాప్ పెద్దలు చేసిన ఆల్బమ్‌లను మళ్ళీ వింటే గొప్పవనుకున్నవి కొన్ని కిందికి దిగుతాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోనివి కొన్ని పైకి వస్తాయి.

ఈ చిక్కు రాక్‌కి పుట్టుకతో వచ్చింది. మన కచేరీల్లో వయసు అనర్హత కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనభయ్యో ఏటికి చేరువలో పాడినా, ముప్ఫయ్యో ఏట పాడినట్టు లేదని ఎవరూ లేచి వెళ్ళలేదు. రాక్ అలా కాదు. అది బళ్ళో చదివే పిల్లల కోసం, వాళ్ళ అమ్మానాన్నలకు మింగుడుపడని సంగీతంగా మొదలైంది. ద హూ బృందం 1965లో 'మై జనరేషన్' అంటూ తమ ఈడువాళ్ళ తరఫున గొంతెత్తింది. ఆ బృందంలో మిగిలిన పీట్ టౌన్షెండ్, రోజర్ డాల్ట్రీ 2019లో 'హూ' అనే ఆల్బమ్ చేసేనాటికి ఇద్దరికీ డెబ్భై దాటి నాలుగైదేళ్ళు. ముందుతరం దారి చూపించిపోయిన పని కాదిది. ముసలితనంలో రాక్ ఎలా పాడాలో వీళ్ళే మొదటిసారి కనుక్కోవలసి వచ్చింది.

అందరికన్నా ముందు, అందరికన్నా బాగా కనుక్కున్నవాడు డిలన్. ఎనభైల్లో అతను చేసినవాటిలో 'నాక్డ్ అవుట్ లోడెడ్' (1986), 'డౌన్ ఇన్ ద గ్రూవ్' (1988) వింటే జాలేస్తుంది. అక్కడక్కడా మిగిలిన పాటలు, ఎందరెందరో అతిథులు, ఆ కాలపు మోతబరువు డ్రమ్ములు. వాటి మధ్య తన గొంతును ఎక్కడ పెట్టాలో తెలియని మనిషి. 1997లో వచ్చిన 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్'తో అతను లేచి నిలబడ్డాడని అందరూ రాస్తారు. దానికి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ కూడా వచ్చింది. నా లెక్కలో మలుపు అంతకుముందే జరిగింది. 1992లో 'గుడ్ యాజ్ ఐ బీన్ టు యూ', 1993లో 'వరల్డ్ గాన్ రాంగ్' అని రెండు ఆల్బమ్‌లు చేశాడు. రెంటిలోనూ తన సొంత పాట ఒక్కటీ లేదు. అన్నీ పాత జానపదాలు, బ్లూస్ పాటలు. ఇంటి గరాజ్‌లో కూర్చుని గిటార్, హార్మోనికా తప్ప మరో వాద్యం లేకుండా పాడాడు. పెద్దగా అమ్ముడుపోలేదు, పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. కానీ ఆ పాటలు ఎవరో కుర్రాడు కట్టినవి కావు, వందేళ్ళుగా ముసలివాళ్ళు పాడుతూ వచ్చినవి. చిరిగిన గొంతుతో వాటిని పాడితేనే అందం. ఆ రెండు ఆల్బమ్‌ల్లోనే డిలన్ తన కొత్త గొంతును దొరకబుచ్చుకున్నాడు. ఆ తర్వాతే ఆ గొంతుకు సరిపడే సొంత పాటలు రాశాడు.

'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్' గురించి ఇంకో అపోహ ఉంది. 1997 మే నెలలో డిలన్ గుండె పొరకు వాపు వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. ఆల్బమ్ సెప్టెంబరు చివర వచ్చింది. చావు అంచుల దాకా వెళ్ళొచ్చి పాడిన పాటలని అప్పట్లో తెగ రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. అసలైతే మయామీలోని క్రైటీరియా స్టూడియోలో ఆ పాటలు రికార్డయింది జనవరిలో. జబ్బుకు నాలుగు నెలల ముందే. వాటిలోని చీకటి ఆసుపత్రిలో అంటుకున్నది కాదు, యాభై ఆరో ఏట పడుతున్న మనిషి కళ్ళు తెరిచి చూసి రాసుకున్నది. ప్రొడ్యూసర్ డేనియల్ లాన్వా ఆ పాటల చుట్టూ మంచులాంటి ప్రతిధ్వని అల్లాడు. డిలన్‌కి అది నచ్చలేదు. 2001లో 'లవ్ అండ్ థెఫ్ట్' నుంచి జాక్ ఫ్రాస్ట్ అనే మారుపేరుతో తానే ప్రొడ్యూసర్ అయ్యాడు. 2023లో ఆ 1997 ఆల్బమ్‌కే కొత్త మిక్స్ చేసి విడుదల చేశారు. అందులో ప్రతిధ్వని పలచబడి గొంతు మనకు దగ్గరగా జరిగింది. లాన్వా మిక్స్ అందం దానిదే అయినా, ఇప్పుడు నేను పెట్టుకునేది ఈ కొత్తదే.

2015 నుంచి 2017 దాకా డిలన్ మరో విడ్డూరం చేశాడు. ఎక్కువగా ఫ్రాంక్ సినాట్రా పాడిన పాత అమెరికన్ పాటల్ని మూడు విడుదలల్లో మొత్తం 52 పాడాడు. అభిమానుల్లో చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం అవి ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే కూర్చుని చేసిన సాధకంలా వినిపిస్తాయి. నెమ్మదిగా పాడటం, మాట చివర ఊపిరి నిలపడం అక్కడే అబ్బాయి. 79 ఏళ్ళ వయసులో తెచ్చిన 'రఫ్ అండ్ రౌడీ వేస్' (2020)లో ఆ నెమ్మది చూడండి. పదిహేడు నిమిషాల 'మర్డర్ మోస్ట్ ఫౌల్' ఆ సాధకం లేకుండా సాధ్యమయ్యేదే కాదు.

డిలన్ సొంతంగా కనుక్కున్నదాన్ని కొందరికి ప్రొడ్యూసర్లు చూపించారు. ఈ కథలో రిక్ రూబిన్ పేరు పదే పదే వస్తుంది. జానీ క్యాష్‌ని దాదాపు మూడు దశాబ్దాలు ఉంచుకున్న కొలంబియా కంపెనీ 1986లో వదిలేసింది. హిప్‌హాప్, మెటల్ రికార్డులు చేసిన గడ్డపాయన రూబిన్, క్యాష్‌ని తన ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టి, నీకిష్టమైన పాటలు గిటార్ మీద పాడమన్నాడు. 1994లో వచ్చిన 'అమెరికన్ రికార్డింగ్స్' అదే. అందరికీ తెలిసిన పాట 2002 నాటి నాలుగో ఆల్బమ్‌లోని 'హర్ట్'. నైన్ ఇంచ్ నెయిల్స్‌కి చెందిన ట్రెంట్ రెజ్నర్ కుర్రతనంలో రాసుకున్న పాటను చావుకు దగ్గరపడ్డ మనిషి పాడేసరికి అది క్యాష్ పాటే అయిపోయింది. అయినా ఆ నాలుగో ఆల్బమ్‌లో, ఈయన నోట ఈ పాటా అని ఆశ్చర్యపరచడానికే ఎంచుకున్నట్టున్న పాటలు కొన్ని ఉన్నాయి. మొదటి ఆల్బమ్‌లో అలాంటిది ఒక్కటీ లేదు. రూబిన్‌తో చేసిన ఆరు ఆల్బమ్‌ల్లోనూ దాన్నే ముందు వినమంటాను.

అదే రూబిన్ 2013లో బ్లాక్ సాబత్‌తో '13' చేశాడు. 1978 తర్వాత ఆజీ ఆస్బోర్న్ ఆ బృందంతో చేసిన పూర్తి స్టూడియో ఆల్బమ్ అదే. ఈసారి రూబిన్ వాళ్ళకు 1970 నాటి వాళ్ళ తొలి ఆల్బమ్ వినిపించి, ఆ తరహాలోకి మళ్ళీ వెళ్ళమన్నాడు. మొదటి ఆల్బమ్ వాన, ఉరుములు, గంటతో మొదలైతే '13' వాటితోనే ముగుస్తుంది. అమెరికాలో నంబర్ వన్ అయింది. టోనీ అయోమీ గిటార్ ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. కానీ ఆల్బమ్ మొత్తం మీద తమను తాము అనుకరించుకుంటున్నవాళ్ళే కనిపిస్తారు. క్యాష్‌ని ఇవాళ్టి మనిషిగా పాడనిచ్చిన ప్రొడ్యూసరే సాబత్‌ని నలభై మూడేళ్ళు వెనక్కి నడిపించాడు.

మెటాలికాతో అతను చేసిన 'డెత్ మాగ్నెటిక్' (2008) కథ ఇంకో రకం. పాటలు మంచివే. కానీ శబ్దాన్ని ఎంత పెద్దది చేయగలరో అంతా చేశారు. మెత్తని చోటు, గట్టి చోటు ఒకే మట్టానికి వచ్చేసి, డ్రమ్ము దెబ్బ పడ్డచోటల్లా శబ్దం పగులుతుంది. ఆ పాటలే గిటార్ హీరో అనే వీడియో గేములో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి విని, గేములోనిదే బాగుందని తేల్చి, ఆల్బమ్ మళ్ళీ మిక్స్ చేయమని వేల సంతకాలతో అర్జీ పెట్టారు. వాళ్ళ మాటే నిజం. రెండూ విన్నవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. వయసు కనబడకుండా శబ్దాన్ని పెంచడం ఈ పాతికేళ్ళలో చాలామంది చేసిన పనే.

గొంతు మారడాన్ని ఇంతకన్నా దగ్గరగా చూడాలంటే ఒకే పాటను ఒకే మనిషి రెండు వయసుల్లో పాడినప్పుడు వినాలి. జోనీ మిచెల్ 'బోత్ సైడ్స్ నౌ' పాటను 1969లో 'క్లౌడ్స్' ఆల్బమ్‌లో పాడినప్పుడు ఆమెకు పాతికేళ్ళు. ఒక్క గిటార్, దాని మీద పై స్థాయికి అలవోకగా వెళ్ళే సన్నని గొంతు. మబ్బుల్ని, ప్రేమని, బతుకుని అటూ ఇటూ చూశానంటుంది ఆ పాట. పాతికేళ్ళ అమ్మాయి అంటుంటే తెలివిగా, ముచ్చటగా ఉంటుంది. 2000లో అదే పేరుతో చేసిన ఆల్బమ్ చివర ఆమె దాన్ని మళ్ళీ పాడింది. చిన్నప్పటి నుంచీ కాల్చిన సిగరెట్లు గొంతును మంద్రానికి దించేశాయి. విన్స్ మెండోజా కూర్చిన వాద్యబృందం చాలాసేపు ఆమెకు దారి పరుస్తుంది. ఆమె తొందరపడదు. మాటను తాళం కన్నా కాస్త వెనకగా వదులుతుంది, ఒక్కోచోట పాడటం మానేసి చెప్పినట్టే చెబుతుంది. వేన్ షార్టర్ సాక్సఫోన్ ఆమె ఆగినచోట మెల్లగా పలుకుతుంది. ఆ చివరి చరణంలో బతుకు తనకింకా అర్థం కాలేదనే భావం వచ్చేచోట, యాభై ఆరేళ్ళ మనిషి అది అంటుంటే, ఆ మాటలు ఈ వయసు కోసమే రాసి పెట్టుకున్నట్టు ఉంటాయి. నాకు ఈ మొత్తం చర్చలో తిరుగులేని రుజువు ఆ ఒక్క పాట.

మేరియన్ ఫెయిత్‌ఫుల్ అయితే 'యాజ్ టియర్స్ గో బై'ని మూడు వయసుల్లో పాడింది. 1964లో పదిహేడేళ్ళప్పుడు, 1987లో నలభయ్యేళ్ళప్పుడు, 2018లో డెబ్భై ఒకటో ఏట. రోలింగ్ స్టోన్స్‌కి చెందిన జాగర్, రిచర్డ్స్ చేయి పడిన ఆ పాట, పిల్లలు ఆడుకుంటుంటే కూర్చుని చూసే పెద్దవయసు మనిషి పాట. పదిహేడేళ్ళ పిల్లకు అది వేషం. మూడోసారి వేషం లేదు. ఇలా తిరిగి పాడితే చాలు గొప్ప అయిపోతుందనీ కాదు. యూటూ బృందం 2023లో 'సాంగ్స్ ఆఫ్ సరెండర్' పేరుతో తన పాటలు నలభై తిరిగి పాడింది, నెమ్మదిగా, పలచని వాద్యాలతో. నాకు చాలావరకు పట్టలేదు. ఆ పాటలు మైదానం నిండా జనం గొంతు కలిపేందుకు కట్టినవి. జనాన్ని తీసేస్తే లోపల నిలబడేది తక్కువ.

ఇక చావు నీడలో చేసిన ఆల్బమ్‌లు. దాచుకున్న డబ్బు చాలావరకు పోయిందని తెలిసి లెనార్డ్ కోహెన్ డెబ్భై మూడో ఏట, 2008లో మళ్ళీ కచేరీలకు బయల్దేరాడు. ఆ ఊపులోనే 'ఓల్డ్ ఐడియాస్' (2012), 'పాపులర్ ప్రాబ్లమ్స్' (2014) వచ్చాయి. చివరిది 'యూ వాంట్ ఇట్ డార్కర్'. వెన్ను నొప్పితో కదలలేక ఇంట్లో కుర్చీలో కూర్చుని పాడితే కొడుకు ఆడమ్ ప్రొడ్యూస్ చేశాడు. మాంట్రియాల్‌లో తన కుటుంబం ప్రార్థనకు వెళ్ళే యూదుల సినగాగ్ బృందం వెనక పాడింది. 2016 అక్టోబరు 21న ఆల్బమ్ వచ్చింది, నవంబరు 7న కోహెన్ పోయాడు. అదే ఏడాది జనవరి 8న, తన 69వ పుట్టినరోజున బోవీ 'బ్లాక్‌స్టార్' తెచ్చి, రెండు రోజులకు కన్నుమూశాడు. ఇద్దరిలో ఎక్కువ సాహసి బోవీయే. అతను తన పాత వాద్యగాళ్ళను పిలవలేదు. న్యూయార్క్‌లో డానీ మెకాస్లిన్ జాజ్ బృందాన్ని వెతుక్కున్నాడు. ఆల్బమ్‌లో రెండో పాట అతని గసతో మొదలవుతుంది. ఆ ఊపిరిని తుడిచేయడం స్టూడియోలో నిమిషం పని. తుడవలేదు. మూడేళ్ళ ముందు పదేళ్ళ మౌనం వీడి చేసిన 'ద నెక్స్ట్ డే'ని పాత బోవీ తిరిగొచ్చాడని అందరూ మెచ్చుకున్నారు. దాని అట్ట మీద 1977 నాటి 'హీరోస్' బొమ్మే వేసి మధ్యలో తెల్ల చదరం అతికించారు. మంచి ఆల్బమే గానీ, పాత బొమ్మతో అతనింకా మాట్లాడుతూనే ఉన్నాడు. 'బ్లాక్‌స్టార్'లో ఆ అవసరం లేదు.

రోలింగ్ స్టోన్స్ దగ్గర నా తీర్పు చాలామందికి నచ్చదు. 2023లో వచ్చిన 'హాక్నీ డైమండ్స్'కి బ్రహ్మరథం పట్టారు. 2005 తర్వాత పద్దెనిమిదేళ్ళకు సొంత పాటలతో వచ్చిన ఆల్బమ్, జాగర్‌కి ఎనభై ఏళ్ళు, 2021లో పోయిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ రెండు పాటల్లో వినిపిస్తాడు. మెకార్ట్నీ, ఎల్టన్ జాన్, స్టీవీ వండర్, లేడీ గాగా అతిథులు. అన్నీ నిజమే. కానీ ప్రొడ్యూసర్ ఆండ్రూ వాట్ జాగర్ గొంతును అంతగా నిగనిగలాడించకుండా ఉండాల్సింది. దానికన్నా 2016 నాటి 'బ్లూ అండ్ లోన్‌సమ్' ఎంతో పైది. 2015 డిసెంబరులో కొత్త పాటలు చేద్దామని లండన్‌లోని బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోకి వెళ్ళి, చేయి వేడెక్కడానికి ఒక పాత బ్లూస్ వాయించి, బాగుందని ఇంకోటి వాయించి, మూడు రోజుల్లో పన్నెండు పాటలు ముగించారు. పక్క గదిలో ఏదో పని మీదున్న ఎరిక్ క్లాప్టన్ వచ్చి రెండింటిలో వాయించాడు. హిట్టు కావాలన్న ఆరాటం ఎక్కడా లేదు. జాగర్ హార్మోనికా ఊదుతుంటే అతను ఇరవయ్యేళ్ళప్పుడు ఎందుకు ఈ సంగీతంలోకి వచ్చాడో తెలుస్తుంది. 'హాక్నీ డైమండ్స్'లోనూ నాకు నచ్చింది ఆ ఆఖరి పాటే. బృందానికి పేరిచ్చిన మడ్డీ వాటర్స్ పాటను జాగర్, రిచర్డ్స్ ఇద్దరే కూర్చుని వాయించారు.

పాల్ మెకార్ట్నీకి అవును అనేవాళ్ళే గానీ కాదు అనేవాళ్ళు దొరకరు. 2005లో 'కేయాస్ అండ్ క్రియేషన్ ఇన్ ద బ్యాక్‌యార్డ్'కి వచ్చిన నైజెల్ గాడ్రిచ్ ఆ పని చేశాడు. బృందాన్ని పక్కన పెట్టి వాద్యాలు చాలావరకు మెకార్ట్నీ చేతే వాయింపజేశాడు, బాగోలేని పాటల్ని బాగోలేదని మొహం మీదే చెప్పాడు. మెకార్ట్నీకి కోపం వచ్చింది, ఆల్బమ్ మాత్రం అతని ఇటీవలి పనుల్లో అన్నిటికన్నా గట్టిది. 2023లో వచ్చిన బీటిల్స్ 'నౌ అండ్ దెన్' మీద నా మనసు రెండుగా చీలుతుంది. డెబ్భైల చివర జాన్ లెనన్ ఇంట్లో పియానో మీద పాడుకున్న క్యాసెట్ నుంచి గొంతును కంప్యూటర్ వేరు చేసి ఇస్తే దానిమీద కట్టిన పాట అది. లెనన్ గొంతు ముప్ఫైల్లోనే ఆగిపోయింది. దాని కింద ఎనభయ్యేళ్ళ మెకార్ట్నీ గొంతు ఆసరాగా నిలుస్తుంది. పాట మామూలుదే. ఆ ఆసరా వినిపించేచోట మాత్రం గొంతు పూడుకుపోతుంది.

మారకపోవడమే బలమైనవాళ్ళూ ఉన్నారు. ఏసీ/డీసీ ఎప్పుడూ ఒకే ఆల్బమ్ చేస్తుందనే మాట ఉంది. 2017లో పోయిన మాల్కమ్ యంగ్ అప్పటికే కూర్చిపెట్టిన గిటార్ వరసల మీద 2020లో 'పవర్ అప్' చేశారు. తమ్ముడు ఆంగస్ అన్న లేనిలోటును ఒక్క మాటలోనూ చెప్పుకోడు, అన్న వరసలే వాయిస్తాడు. నాకది చాలు. ద క్యూర్ పదహారేళ్ళు ఆగి 2024లో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' కూడా పాత శబ్దమే. రాబర్ట్ స్మిత్ ఇరవైల్లోనే ముసలితనం గురించి పాడినవాడు. ఇప్పుడు వయసు ఆ పాటల్ని అందుకుంది. నలభై ఏళ్ళ తర్వాత 2021లో వచ్చిన అబ్బా 'వోయేజ్' మాత్రం నాకు రెండు పాటల ఆల్బమ్.

వీటన్నిటి వెనక వ్యాపారం ఉంది. రికార్డు కంపెనీలకు పాత గొంతు పాత సరుకుగానే కావాలి. 1983లో గెఫెన్ కంపెనీ నీల్ యంగ్ మీద దావా వేసింది, నీ ధోరణికి తగని పాటలు చేస్తున్నావని. కార్లోస్ సాంటానా 1999లో 'సూపర్‌నాచురల్'ని చాలా పాటల్లో కుర్ర అతిథులతో చేసి కోట్లలో అమ్మాడు. ఆ తర్వాత ప్రతి పెద్దాయన ఆల్బమ్‌కీ అతిథుల జాబితా తప్పలేదు. 2014లో యూటూ తన ఆల్బమ్‌ని సుమారు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి అడగకుండానే దించింది. డబ్లిన్ బాల్యం మీద రాసిన మంచి పాటలు కొన్ని ఆ గొడవలో కొట్టుకుపోయాయి. ఎదురీదిన మనిషి రాబర్ట్ ప్లాంట్. 2007 డిసెంబరులో లండన్‌లో అతని పాత బృందం లెడ్ జెప్పెలిన్ ఒక్క రాత్రి మళ్ళీ కలిసి వాయించింది. ఆ పేరుతో ప్రపంచమంతా తిరిగితే వచ్చే డబ్బుకు లెక్క ఉండదు. ప్లాంట్ ఒప్పుకోలేదు. ఆ కచేరీకి కొద్ది వారాల ముందే బ్లూగ్రాస్ గాయని ఆలిసన్ క్రాస్‌తో అతను చేసిన 'రెయిజింగ్ శాండ్' వచ్చి ఉంది. ఒకప్పుడు కేకలతో మైదానాలు అదరగొట్టిన ఆ గొంతు అందులో ఆమె గొంతు పక్కన ఒదిగి, దాదాపు గుసగుసగా పాడుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. మనం తీర్పులు చెప్పేది వాళ్ళు బయటపెట్టినవాటి మీద. తొంభైల్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ దారితప్పాడని, తన బృందాన్ని వదిలేసి చేతులు కాల్చుకున్నాడని అందరం అనుకున్నాం. 2025 జూన్‌లో అతను 'ట్రాక్స్ 2' పేరుతో 1983 నుంచి 2018 దాకా చేసి దాచిన ఏడు ఆల్బమ్‌లు, 83 పాటలు ఒక్కసారిగా విప్పాడు. వాటిలో 'స్ట్రీట్స్ ఆఫ్ ఫిలడెల్ఫియా సెషన్స్' అనేది తొంభైల నడుమ సింథసైజర్లు, డ్రమ్ లూపుల మీద కట్టిన ఆల్బమ్. అణకువగా, చీకటిగా, ఒంటరిగా ఉంటుంది. పూర్తిచేసి పక్కన పెట్టేసి, 1995లో పాత బృందాన్ని పిలిచి హిట్ పాటల సంకలనం తెచ్చాడు. ఆ ఏడాది దాని బదులు ఇదే వచ్చి ఉంటే, నలభై అయిదేళ్ళ స్ప్రింగ్‌స్టీన్ గురించి ముప్ఫయ్యేళ్ళుగా రాసినదంతా మరోలా ఉండేది.